చెరువు మీద రోలరు డ్రైవరు

పోయిన నెల ఒక ఉదయం ముత్తమ్మ ఫోన్ చేసింది. చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో ఆమె చేపల సొసైటీకి పెద్ద. మేమిద్దరం మాట్లాడుకుని ఏళ్ళయింది. అయినా బాగున్నావా అని కూడా అడగలేదు.

"బిడ్డా, మన రోలరాయన పోయిండంట. వేంసూరు దిక్కు వాళ్ళ ఊళ్ళె. ఎల్లుండి దినాలు. మేం ఆటో కిరాయికి మాట్లాడినం. నువ్వు సత్తుపల్లి కాడ ఎక్కుతవా?"

ఎక్కుతానన్నాను. ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి నవ్వాను. మా ఆయన వచ్చి ఏమిటని అడిగితే, "ఒకాయన చనిపోయాడు" అని చెప్పి మళ్ళీ నవ్వాను. ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను.

ఆయన పేరు రాయను. రాసినా ముత్తమ్మ వాళ్ళ ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు. అక్కడ ఆయన రోలరాయన, అంతే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. చెరువులూ కాలువలూ చూసే ఒక చిన్న ఆఫీసులో నేను టైపిస్టుని. పెళ్ళి కాలేదు. ముత్తమ్మ వాళ్ళ ఊరి చెరువు నిండా గుర్రపుడెక్క పట్టింది. ఊదారంగు పూలు పూసే ఆ కలుపు ఒక మూల మొదలై, రెండేళ్ళు తిరిగేసరికి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కమ్మేసింది. నీళ్ళు కనపడవు. తూము నోరు మూసుకుపోయి పొలాలకు నీరు దిగదు. చేపలు ఊపిరాడక కిందే చచ్చిపోతుంటే వాసన మాత్రం పైకి వచ్చేది.

"వల ఇసిరితే డెక్క మీద బట్టలారేసినట్టు పడ్తది. ఏం చెయ్యాలె?" అనేది ముత్తమ్మ. చేపలు పట్టే ఇళ్ళవాళ్ళంతా మిరప తోటల్లో కాయలు ఏరే కూలికి పోతున్నారు.

అర్జీల మీద అర్జీలు టైపు చేయగా చేయగా, పై ఆఫీసు వాళ్ళు ఎక్కడి నుంచో డెక్క కోసే మిషను ఒకటి పంపించారు. పెద్ద లారీ మీద వచ్చింది. కింద గాలి నింపిన ఇనుప డబ్బాల మీద తేలే బల్లపరుపు పడవ. రెండు పక్కలా తెడ్డు చక్రాలు. ముందు నీళ్ళలోకి వంగే కత్తెర పళ్ళు, వాటి వెనక కోసిన డెక్కను పైకి లాగే వెడల్పాటి ఇనుప జాలీ పట్టా. ఊరంతా గట్టెక్కి చూస్తోంది. లారీ ముందు సీట్లోంచి ఒక పొట్టి మనిషి దిగాడు. ఖాకీ చొక్కా, మోకాళ్ళ దగ్గర తారు మరకలున్న ప్యాంటు. చెరువు వైపు చూసి నన్ను అడిగాడు.

"మేడమ్, రోడ్డెక్కడండీ?"

"రోడ్డు కాదండీ, చెరువు. ఇదే."

"ఇది పచ్చగడ్డి బీడు కదండీ?"

"కింద నీళ్ళున్నాయండీ."

ఆయన మెల్లగా గట్టు మీద కూర్చున్నాడు. జేబులోంచి తన ఉత్తర్వు తీసి నా చేతిలో పెట్టాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన రోడ్డు రోలరే నడిపాడు. రోలరు పాతబడి వేలానికి పోయింది. ఆయనకింకా సర్వీసు మిగిలింది. "నెమ్మదిగా నడిచే బరువు వాహనముల యందు విశేష అనుభవము ఉన్నందున" ఈ మిషనుకు నియమిస్తున్నామని ఉత్తర్వులో రాశారు. నీళ్ళ సంగతి అందులో ఎక్కడా లేదు.

"ఈత వచ్చా?" అనడిగాను.

"రోలరుకి ఈత అవసరం పడలేదండీ."

మర్నాడు ఆయన లారీ టైరు ట్యూబు ఒకటి నడుముకు తగిలించుకుని వచ్చాడు. అన్నం క్యారేజీకి వేరే చిన్న ట్యూబు, స్కూటరుది. మిషను నడపడానికి రెండు కడ్డీలుంటాయి. కుడి కడ్డీ నెడితే కుడి చక్రం, ఎడమది నెడితే ఎడమ చక్రం. స్టీరింగు లేదు. స్టీరింగు లేని బండి మీద ఆయన చేతులు వణికాయి. మూడు రోజులు అవస్థ పడి, నాలుగో రోజు ఇనుప సామాన్ల కొట్టు నుంచి పాత లారీ స్టీరింగు తెచ్చి, సీటు ముందు ఒక గొట్టానికి బిగించుకున్నాడు. అది దేనికీ కలిపి లేదు. ఊరికే తిరుగుతుంది. కుడిచేత్తో కడ్డీలు నెడుతూ ఎడమచేత్తో దాన్ని తిప్పుతుండేవాడు. ఇక వణుకు లేదు.

మిషనుకు హారన్ కూడా లేదు. రబ్బరు బుడగ హారన్ ఒకటి కట్టాడు. కొంగ కనిపిస్తే హారన్. నీటికోడి కనిపిస్తే హారన్. మలుపు తిరిగే ముందు చెయ్యి బయటపెట్టి, వెనక ఎవరూ లేకపోయినా, ఆ వైపు ఊపేవాడు. మధ్యాహ్నం అన్నానికి ఆపినప్పుడు రెండు ఇటుకలు తీసి తెడ్డు చక్రాల ముందు పెట్టేవాడు. చక్రాలు నీళ్ళలో, మిషను నీళ్ళ మీద, ఇటుకలు మిషను మీద. బండి ఉన్నపళంగా కదిలితే ఇటుకలు కూడా దాంతోపాటే పోతాయని నేను చెప్పబోయాను.

"పోనివ్వండి మేడమ్. నా జాగ్రత్త నేను పడ్డట్టుంటది."

అన్నిటికన్నా పట్టింపు ఎడమ పక్క. చెరువులో కూడా ఎడమ పక్కనే పోవాలి. కొద్దిగా నీళ్ళు బయటపడగానే చేపలవాళ్ళు థర్మాకోలు తెప్పల మీద వచ్చేవాళ్ళు. ఎవరైనా ఎదురుగా కుడి పక్కన వస్తే ఆయన మిషను ఆపేసి, ఇటుకలు పెట్టి, ఓపిగ్గా నచ్చజెప్పేవాడు. మొదట్లో నవ్వారు. ఒకాయన అరిచాడు కూడా.

"ఓ సారూ, చెర్వుల యాక్సిడెంటు ఏందయ్యా?"

"ఇప్పటిదాకా కాలేదంటే ఎవరూ తిరగట్లేదు కాబట్టి. రేపు నీళ్ళు సాఫయినాక అందరూ తిరుగుతారు. అప్పుడు?"

ఆ మాటకు అవతలాయన తెప్ప మీద తల గోక్కున్నాడు. రేపు నీళ్ళు సాఫవుతాయని అంత ధీమాగా అన్నవాళ్ళు ఆ ఊళ్ళో అంతవరకూ ఎవరూ లేరు. వారం తిరిగేసరికి తెప్పలన్నీ ఎడమ పక్కన నడవడం నేను కళ్ళారా చూశాను.

రోజువారీ పని కాగితం నింపడం నా వంతు. మిషనుతో పాటు ఆయన పాత కాగితాలే వచ్చాయి, రోలరువి. "రోడ్డు రకం" అని ఒక గడి. "పోసిన నీళ్ళ ట్యాంకర్లు" అని ఇంకో గడి. ఖాళీగా వదిలేద్దామంటే ఆయన ఒప్పుకోడు.

"రోడ్డు రకం ఏం రాయమంటారు?"

"పచ్చిది అని రాయండి."

"నీళ్ళ ట్యాంకర్లు?"

చెరువు వైపు తిరిగి కాసేపు నిజంగానే ఆలోచించాడు. "చాలినన్ని ఉన్నాయని రాయండి."

పనిలో మాత్రం ఆయన్ను ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. రోడ్డుకు రోలరు ఒక్కసారి తిప్పితే చాలదట, అదే పట్టీ మీద రెండోసారి తిరగాలట. చెరువులో కూడా అంతే. కోసిన పట్టీ మీదే మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. నీళ్ళు కనపడుతున్నాయి కదా, ఇంకా ఎందుకు అని అందరం విసుక్కున్నాం. ఒకరోజు ముత్తమ్మ నన్ను గట్టు మీద నిలబెట్టి వేలు పెట్టి చూపించింది. మొదటిసారి కోసినప్పుడు తెగిన ముక్కలు తేలుతూ ఉండిపోతాయి. ఒక్క ముక్క మిగిలినా అది పిల్లలు పెట్టి నెలలో చాపంత అవుతుంది. రెండోసారి తిరిగినప్పుడు ఆయన ఏరుతున్నది ఆ ముక్కల్నే.

"ఆయనకది ఎరుకేనా?" అన్నాను.

"ఎరుక లేదు. రోలరనుకుంటుండు," అంది ముత్తమ్మ. "చెప్పకు బిడ్డా. చెప్తే ఆలోచన జేసి ఖరాబు జేస్తడు."

ఎండలు ముదిరేసరికి సగం చెరువు తేలింది. అప్పుడే పై ఆఫీసు నుంచి ఒక పెద్దసారు తనిఖీకి వస్తున్నాడని కబురు. తెల్ల బూట్లు, నల్ల గొడుగుతో దిగాడు. చేతిలో ముందే టైపు చేసిన కాగితం: చెరువు పూర్తిగా శుభ్రపడింది, మిషను వేరే చోటికి పంపవచ్చు. సంతకం ఒక్కటే బాకీ.

ముత్తమ్మకు ఆ కాగితంలో ఏముందో చెప్పాను. ఆమె మేకను మేపుకుంటూ అక్కడే ఉంది. తాడు వదిలేసి సారుకు అడ్డం వచ్చింది.

"సగమే అయింది సారూ. గిప్పుడు మిషిని తీస్కపోతే వానలకల్లా మళ్ళ మొత్తం కమ్ముతది. మా పిల్లల నోట్ల మన్ను పడ్తది."

"సగం ఎక్కడమ్మా? నీళ్ళు కనపడుతూనే ఉన్నాయి కదా."

"అవ్, గీ దిక్కు కనపడ్తున్నయి. గా దిక్కు చూడు."

"అది గట్టు," అన్నాడు సారు.

అది గట్టు కాదు. ఏళ్ళ తరబడి పేరుకున్న డెక్క. వేళ్ళు అల్లుకుపోయి, మట్టి పట్టి, పైన గడ్డి కూడా మొలిచి, మనిషి నిలబడేంత మందంగా తయారయింది. ముత్తమ్మ మేక అప్పటికే దాని మీదికెక్కి మేస్తోంది. మేకను చూపించి సారు నవ్వాడు. "గట్టు కాకపోతే మేక ఎట్లా నిలబడింది?" అని గొడుగు తెరుచుకుని తానూ వెళ్ళి దాని మీద నిలబడ్డాడు. ఒకసారి కాలితో తొక్కి చూపించాడు కూడా.

అంతకు ముందురోజే రోలరాయన దాని చుట్టూ కోసి వదిలాడు. సారు తొక్కిన తొక్కుకో, గాలికో, ఆ దిబ్బ మొత్తం గట్టును వదిలింది.

 సారే ముందు మాట్లాడాడు. మా వైపు చూస్తూ చిరాగ్గా అడిగాడు.

"మీరంతా ఎందుకు వెనక్కి పోతున్నారు?"

"మేమెక్కడికీ పోవట్లేదు సార్," అన్నాను. "మీరే పోతున్నారు."

సారు నమ్మలేదు. ఆగమని మాకు చెయ్యి ఊపాడు. ఇంతలో ముత్తమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో నా మేక! జల్దీ రాండ్రి, నా సూడి మేక పోతున్నది!"

సారు ఒక అడుగు ఇటు వేయబోయాడు. కాలు మోకాలిదాకా దిగబడి, బూటు లోపలే ఉండిపోయి, కాలు మాత్రం బయటికి వచ్చింది. అప్పుడు అర్థమైంది ఆయనకు.  దిబ్బ చెరువు మధ్యకు పోతోంది. ఒడ్డున తెప్పలు రెండే ఉన్నాయి, ఒక్కరి బరువుకు మించి ఆపలేనివి.

రోలరాయన చెరువు అవతలి కొసన ఉన్నాడు. ఆయన ఎప్పుడూ ఒడ్డు పొడుగునే పని చేసేవాడు, మధ్యకు ఒక్కసారి కూడా పోలేదు. మధ్య పని చివర్న చేద్దామండీ అనేవాడు. నేను చున్నీ తీసి ఊపాను. అందరం అరిచాం. ఆయన లేచి నిలబడి చూశాడు. కాసేపు కదల్లేదు. తర్వాత నడుము ట్యూబు సర్దుకుని, కూర్చుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని మధ్యకు తిప్పాడు. చెయ్యి బయటపెట్టి ఊపి మరీ తిప్పాడు.

ఆ మిషను మనిషి నడక కన్నా మెల్లగా నడుస్తుంది. అంత మెల్లగా ఒకరి ప్రాణం కాపాడటానికి రావడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. హారన్ మోగుతూనే ఉంది. దగ్గరికి వచ్చాక కత్తెర పళ్ళు ఆపేశాడు. లేకపోతే సారును కూడా కోసేవి. ఇనుప పట్టాను మాత్రం మెల్లగా తిప్పుతూ సారు కాళ్ళ దగ్గరికి తెచ్చాడు. నీళ్ళ మీద మాటలు మాకు స్పష్టంగా వినపడుతున్నాయి.

"సార్, పట్టా మీద పడుకోండి. పైకి లాగేస్తది."

"నేనా? డెక్కలాగానా?"

"కూర్చుంటే జారతారండీ. పడుకోవాలి."

"ఇంకో దారి చూడు."

"ఇదొక్కటే దారండీ. అప్రోచ్ రోడ్డు లేదు."

సారు ఆలోచిస్తున్నాడు. మేక ఆలోచించలేదు. పట్టా ఎక్కి, అది కదులుతుంటే దాంతోపాటే పైకి పోయి, డెక్క కుప్ప మీద నిలబడి సారు వైపు తిరిగింది. గట్టు మీద ముత్తమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ తర్వాత సారు గొడుగు మూసి, కళ్ళు మూసుకుని, పట్టా మీద వెల్లకిలా పడుకున్నాడు. తల ముందు, కాళ్ళు వెనక, ఒక కాలికే బూటు. మెల్లగా పైకి వెళ్ళి మేక పక్కన కుప్ప మీద పడ్డాడు.

ఒడ్డుకు తెస్తాడనుకున్నాం. తేలేదు. మిషను తిప్పి, ఉదయం సగంలో వదిలిన పట్టీ మీదకు ఎక్కించాడు.

"ఎటు పోతున్నావయ్యా?" సారు గొంతు.

"ఈ పట్టీ రెండోసారి తిరగలేదండీ. మధ్యలో వదిలితే పాడవుద్ది."

గంటసేపు తిరిగింది. సారు డెక్క కుప్ప మీద కూర్చుని చెరువు మిగతా సగం మొత్తం చూశాడు. చూడటానికి అక్కడ ఇంకేమీ లేదు. ఒడ్డుకు వచ్చాక దిగుతూ ఒక్క మాట అడిగాడు. "ఇంకా ఎంత మిగిలింది?"

"మీరు నిలబడ్డది కూడా కలుపుకుంటే సగమండీ."

సారు జీపెక్కాడు. కాగితం మీద సంతకం పడలేదు. వారానికి మెమో వచ్చింది. తనిఖీ అధికారి గట్టు మీద నిలబడి ఉండగా గట్టు స్థానం ఎందుకు మారిందో, అనుమతి లేకుండా ఆయన్ను మిషను మీద ఎందుకు తిప్పవలసి వచ్చిందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. లేకపోతే డ్రైవరు మీద చర్య, మిషను వెనక్కి.

రోలరాయన మెమో చదివి నా బల్ల ముందు కూర్చున్నాడు.  ఇంకో ఏడాదిన్నరలో రిటైరు కావాల్సిన మనిషి. "పింఛను పోద్దాండీ?" అన్నాడు.  డెక్క మీద నిలబడ్డారని రాస్తే సారు ఊరుకోడు. గట్టు మీద నిలబడ్డారని రాస్తే గట్టు ఎందుకు కదిలిందని అడుగుతారు.

"సారు అది గట్టే అంటున్నారు కదండీ," అన్నాడాయన. "గట్టే అని రాయండి. కదిలే గట్టు ఉండటం ప్రమాదం కదండీ. తీసెయ్యాలి కదా."

నేను టైపు మిషను ముందుకు లాక్కున్నాను. "అధికారి గారు సెలవిచ్చినట్లు వారు నిలబడినది గట్టే. చెరువులో ఇటువంటి కదిలే గట్లు ఇంకను పెక్కు గలవు. ఇవి ప్రజలకు, అధికారులకు ప్రమాదకరము. వీటిని పూర్తిగా తొలగించు వరకు మిషనును, డ్రైవరును ఇచ్చటనే ఉంచ ప్రార్థన." ఆయన కింద సంతకం చేశాడు. 

పది రోజులకు జవాబు వచ్చింది. "కదిలే గట్ల తొలగింపునకు" వానలు పడే వరకు అనుమతి. చర్య మాటే లేదు.

మిగతా సగం ఆయన తీశాడు. మధ్య కూడా. రెండేసి సార్లు తిరిగి. తొలి వానకు ముందు ముత్తమ్మ వాళ్ళు వలలు వేశారు. వల నీళ్ళలో మునిగిన చప్పుడుకే ఆడవాళ్ళు కేకలు పెట్టారు. చేపలు పెద్దగా పడలేదు, చిన్నవీ సన్నవీ. అయినా ఆ రోజు ఊళ్ళో ప్రతి ఇంట్లో చేపల పులుసు. ఆ మర్నాడే లారీ వచ్చింది. మిషనుతో పాటు ఆయన కూడా ముందు సీట్లో ఎక్కి వెళ్ళిపోయాడు. నేను ఆయన్ను మళ్ళీ చూడలేదు.

దినాల రోజు సత్తుపల్లిలో ఆటో ఎక్కాను. ముత్తమ్మతో పాటు ఇంకో నలుగురు. ముత్తమ్మ ముసలిదైంది. ఒళ్ళో ఎండు చేపల మూట.

ఇంటి ముందు టెంటు వేశారు. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. మేం ఫలానా చెరువు నుంచి వచ్చామని, చేపలు పట్టేవాళ్ళమని ముత్తమ్మ చెప్పబోతుంటే పక్కనున్న ఆయన తమ్ముడు అడ్డం వచ్చాడు.

"మీరు ఇల్లు తప్పి వచ్చారేమోనమ్మా. మా అన్న రోడ్డు రోలరు డ్రైవరు. చెరువుల దగ్గర ఆయనకేం పని? రిటైరయ్యే దాకా రోడ్లే వేశాడు. చివర్లో కూడా అటు చండ్రుగొండ దిక్కున రోడ్డు పనే."

ముత్తమ్మ నా ముఖం చూసింది. ఇంట్లో చెప్పలేదన్నమాట. నీళ్ళ మీద ఉన్నానంటే భార్య నిద్రపోదని చెప్పలేదు. ముత్తమ్మ వెంటనే మాట మార్చింది.

"అవ్ అయ్యా, రోడ్డే. మా ఊరికి రోడ్డు ఏసిండు. మంచిగ ఏసిండు. అందుకే వచ్చినం."

తమ్ముడు తృప్తిపడి అటు వెళ్ళాడు. ఆయన భార్య మమ్మల్ని పక్కన కూర్చోమంది.  అటూ ఇటూ చూసి, మెల్లగా అంది.

"తారు మరకకి కిరసనాయిలు పెట్టి ఉతకాలమ్మా. ఎన్నేళ్ళు పెట్టానో. చండ్రుగొండ దిక్కున ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా పెట్టలేదు. బట్టలన్నీ పాచి కంపు. చొక్కా జేబులో ఊదా పువ్వు రేకులు."

"మరి అడగలేదా?" అన్నాను.

"ఎట్లా అడుగుతానమ్మా? నాకు తెలిసిందని తెలిస్తే ఆయనకి ఇంకా భయమేసేది. ఈత రాదు కదా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ చెరువు ఎంత లోతుంటది?"

చెరువు మధ్యలో ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడినా తల కనపడదు. ముత్తమ్మ నోరు తెరిచేలోపే నేను చెప్పాను.

"మోకాలి దాకానండీ."

"అంతేనా?" అంది ఆమె. కొంచెం సేపు నా ముఖంలోకి చూసి, ముత్తమ్మ ఒళ్ళోని మూట అందుకుని, లోపలికి కేకేసింది, ఇంకో ఆరు విస్తళ్ళు వేయమని.